పొడుగు పిన్ను

“ఈ పిన్ను కోసిందెవరు?”

నగలు బాగుచేసే దుకాణంలో ఆ అమ్మాయి అన్న మొదటి మాట అదే. కంటికి బిగించుకున్న భూతద్దం కూడా తియ్యలేదు.

ఎలక్ట్రీషియన్ కౌంటరు ఇవతల నిలబడి తల తుడుచుకుంటున్నాడు. బయట వాన. అతని జేబులోంచి కటింగ్ ప్లయర్ పిడి కనిపిస్తోంది. ఆమె చూపు దాని మీద ఆగింది.

“అర్థమైందిలెండి.”

“నేనే కోశాను. కొస బయటికి పొడుచుకొచ్చి మా అమ్మకి గుచ్చుకునేది. అందుకని...”

“అందుకని కోసేశారు. ఎలక దూరిందని ఇల్లు తగలబెట్టినట్టు.”

“బ్రూచికేం కాలేదుగా! ఊరికే జారి పడిపోతోంది. కొత్త లాకు ఒకటి పెట్టెయ్యండి, గొడవ వదిలిపోతుంది.”

బట్టకి గుచ్చి పెట్టుకునే ఆ నగని, బ్రూచిని, ఆమె బోర్లా తిప్పింది. ముందు వైపు నల్లరాయి, చుట్టూ ముత్యాలు. వెనక గాజు కింద గోరంత మేర అల్లిన వెంట్రుకలు. అంచున ఒక కొక్కెం. దానికి లాకు లేదు.

“లాకులు తర్వాత వచ్చాయండీ. అంతకుముందు పిన్నే పొడుగ్గా చేసేవాళ్ళు. కొక్కేనికి తగిలించాక మిగిలిన కొసని మళ్ళీ బట్టలోకి గుచ్చాలి. దీనికి లాకంటే ఆ కొసే. మీరు దాన్నే కోశారు.”

అతను ప్లయర్ పిడిని జేబులోపలికి తోసేశాడు.

“పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకునే బ్రూచి ఇది. జుట్టెవరిది?”

“మా నాన్నది.”

ఆమె భూతద్దం తీసి పక్కన పెట్టింది. “పొడుగు పిన్ను వేస్తాను. సాయంత్రానికి అయిపోతుంది. ఎల్లుండి వచ్చి తీసుకెళ్ళండి.”

“సాయంత్రానికి అయిపోతే ఎల్లుండి దేనికి?”

“రేపంతా నేను పెట్టుకుని తిరగాలి. వంగాలి, మెట్లెక్కాలి, బస్సులో తోసుకోవాలి. బల్ల మీద నిలిచిన పిన్ను మనిషి మీద నిలవాలని లేదు. మా బాబాయి పెట్టిన పద్ధతి. అది కాకుండా ఏ బ్రూచీ ఈ గుమ్మం దాటదు.”

“బావుంది! రిపేరుకిచ్చిన నగ పెట్టుకుని షికార్లన్నమాట.”

“మీరు వైరు బిగించి, స్విచ్చి వేసి చూడకుండానే వెళ్ళిపోతారా?”

అతను నవ్వబోయి ఆగాడు.

“మా అమ్మ ఆస్పత్రిలో ఉంది. నిన్న డాక్టరు నన్ను బయటికి పిలిచి మాట్లాడాడు. ఎల్లుండి సంగతి ఎవరూ చెప్పలేరట. పొద్దుట్నించీ గుండె మీద తడుముకుంటోంది, బ్రూచి ఏదని.”

ఆమె బ్రూచిని తన దగ్గరికి లాక్కుంది.

“ఏ వార్డు?” అందామె.

మర్నాడు ఆమె ఆయాసపడుతూ మూడో అంతస్తుకి వచ్చింది. స్వెట్టరు మీద బ్రూచి ఉంది.

“లిఫ్టు ఉందిగా?” అన్నాడతను.

“పరీక్ష నడుస్తోంది. మెట్లెక్కాలన్నానుగా.”

మంచం మీద అమ్మ కళ్ళు తెరిచింది. “ఎవర్రా ఈ పిల్ల?”

“బ్రూచి బాగు చేసిందమ్మా.”

ఆ అమ్మాయి వంగి అమ్మ వేసుకున్న ఆస్పత్రి గౌను అంచుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. పల్చటి గుడ్డ. “ఇది బరువు ఆపదేమోనండీ. చేతిలో పెడతాను.”

“తియ్యకు. కిటికీ వైపు జరుగు.”

ఆమె జరిగింది. అమ్మ చాలాసేపు చూసింది.

“ఇన్నేళ్ళు పెట్టుకున్నాను. ఒంటి మీద ఎలా ఉంటుందో అద్దంలో తప్ప ఎన్నడూ చూళ్ళేదు. ఎదటివాళ్ళకి ఇలా కనిపిస్తుందా!” తర్వాత కొడుకు వైపు తిరిగింది. “చావు బ్రూచని మీ నాన్నకి తెలీదురా. నల్లగా బావుందని పాత సామాన్ల కొట్లో కొన్నాడు. వెనక గాజు ఖాళీగా ఉండేది. చివరికి ఆయన్తోనే నింపాల్సొచ్చింది.”

అతను తల వంచుకున్నాడు.

“పిన్ను పొడుగ్గా వేశానండీ. మళ్ళీ గుచ్చుకుంటుందేమో.”

“గుచ్చుకోవాలమ్మా. గుచ్చుకుంటేనే ఉన్నట్టు. వీడు కోసేశాక, ఉందో పడిపోయిందో ఊరికే తడుముకోవాల్సొచ్చేది. వీడికి ముక్కు మీదే కోపం. చెయ్యి మాత్రం మంచిది.”

“ఆ చేతి పనితనం చూశాలెండి.”

అమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక, “రేపు కూడా పెట్టుకుని రా,” అంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది, దుప్పట్లు కూడా లేవు. అతను వరండాలో అమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. బ్రూచి తీసి అతని చేతిలో పెట్టింది.

“ఒక్కసారి కూడా ఊడలేదు,” అంది.

అతను తలూపాడు.

కొన్ని వారాల తర్వాత, మళ్ళీ వానలోనే, అతను దుకాణంలోకి వచ్చాడు. బ్రూచిని కౌంటరు మీద పెట్టాడు. ఆమె దాన్ని బోర్లా తిప్పి చూసింది.

“మళ్ళీ కోశారేమోననుకున్నాను.”

“ప్లయర్ ఇంట్లో పెట్టొచ్చాను.”

“అమ్మతో పంపించలేదా?”

“పంపిద్దామనే అనుకున్నాను. మీరొచ్చి వెళ్ళిన సాయంత్రం తనే వద్దంది. ‘నేను చూడాల్సింది చూసేశాను, ఇక ఆ పిల్ల మీదే ఉండనీరా’ అంది.” అతను బ్రూచిని ఆమె వైపు జరిపాడు. “అమ్మ అంది కదా అని రాలేదు. అనకపోయినా వచ్చేవాణ్ణి. కొంచెం ఆలస్యమయ్యేదేమో. మీరు ఒప్పుకోవాలనేం లేదు.”

లోపల్నించి బాబాయి గొంతు వినిపించింది. “బేరమా, రిపేరా?”

“రిపేరే బాబాయ్! పాతదే!” ఆమె కౌంటరు చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. అతని ఎదురుగా నిలబడింది. “పెట్టండి. ఎలా గుచ్చాలో చెప్పానుగా.”

అతను పిన్నుని స్వెట్టరులోంచి దూర్చి కొక్కేనికి తగిలించాడు. మిగిలిన కొసని మళ్ళీ బట్టలోకి గుచ్చాడు.

“గుచ్చుకుందా?”

“గుచ్చుకుంది.”

“తియ్యనా?”

“వద్దు,” అందామె. “ఉన్నట్టు తెలియాలిగా.”