మంచుమంకెన పూసిన పెరడు

పూర్వం మణిసీమ రాజ్యంలో చలికాలం వస్తున్నదంటే చాలు, ప్రజల గుండెల్లో రాయి పడేది. పంటలకు లోటు లేదు, శత్రువుల భయమూ లేదు. వాళ్ళ దిగులంతా రాణి హైమవతిని గురించే. అప్పటికి రెండేళ్ళ కిందట చలికాలంలో ఒక ఉదయం ఆమె పాదాలు రాయిగా మారిపోయాయి. మరుసటి ఏడు ఆ రాయి నడుము దాకా పాకింది.

దీనికి కారణం ఒక యక్షిణి శాపం. హైమవతి ఉత్తరాన మంచుకొండల దేశపు ఆడపడుచు. ఆ కొండల మీద నున్నటి ముదురాకుపచ్చ ఆకులతో ఒక పూలచెట్టు పెరుగుతుంది. ఈనాడు మనం కెమీలియా అంటున్నామే, అదే. మణిసీమవాళ్ళు దాన్ని మంచుమంకెన అనేవారు. అత్తవారింటికి వస్తూ హైమవతి పుట్టింటి గుర్తుగా కొండ మీది మొక్కనొకదాన్ని పెరికి తెచ్చుకున్నది. నెల తిరగకముందే అది ఎండిపోయింది. ఆ కొండను కాచే యక్షిణి కోపంతో, "కన్ననేల నుంచి తెచ్చి నా బిడ్డను చంపావు. నీ రాజ్యంలో ఏదో ఒక ఇంటి పెరట్లో మంచుమంకెన పూసేదాకా నువ్వు ఏటికింత రాయివైపోతావు. నాలుగో చలికాలం నీ గుండె కూడా రాయవుతుంది," అని శపించింది.

రాజు విశాలవర్మ మొక్క కోసం సైనికులను పంపాడు. వాళ్ళు దట్టమైన మంచులో దారితప్పి, ఎలాగో ప్రాణాలతో తిరిగివచ్చారు.

రాజుగారి తోటమాలి సింగన్నకు కేతకి అనే పదిహేనేళ్ళ కూతురు ఉన్నది. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లను రాణి చేరదీసింది. తోటలో కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ తన పుట్టింటి ముచ్చట్లు చెప్పేది.

"మా పెరట్లో చలికి అన్ని చెట్లూ ముడుచుకుపోతే, అదొక్కటే విరగబూసేది. రేకులు రాలవు కేతకీ, పువ్వుకు పువ్వే రాలుతుంది. మా అమ్మ కేకలేస్తున్నా వినకుండా, చలిలో పరుగెత్తి ఏరుకునేవాళ్ళం," అనేది. అలా చెబుతున్నప్పుడు రాణి కూడా కేతకి ఈడు పిల్లలాగే కనిపించేది.

సైనికులు వట్టిచేతులతో వచ్చిన మరునాడు కేతకి తండ్రితో, "నేను వెళ్ళి తెస్తాను నాన్నా," అన్నది.

"అంతటి వీరులే వెనక్కి వచ్చారు. నువ్వేం చేస్తావే?" అన్నాడు సింగన్న.

"వాళ్ళు కత్తులు తీసుకుపోయారు. నేను గునపం, గంప తీసుకుపోతాను."

సింగన్న లేచి లోపలికి వెళ్ళాడు. అటుకుల మూట కట్టి ఇచ్చాడు.

పదకొండు రోజులు అడవిలో నడిచాక కేతకి ఒక కనుమ చేరింది. అక్కడ అడుగు దూరం కూడా కనబడనంత మంచు. ఆ మంచులో నుంచి, "ఎవరది?" అని ఒక గొంతు గర్జించింది. తాటిచెట్టంత రాక్షసుడు దారికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"నేను తుహినాసురుణ్ణి. ఈ కనుమ దాటాలంటే నీ ఇంటి జ్ఞాపకాల్లో అన్నిటికంటె ప్రియమైనది నాకిచ్చి పో. ఇచ్చాక అది నీకు గుర్తుండదు," అన్నాడు వాడు.

కేతకికి అన్నిటికంటె ప్రియమైనదంటే తల్లి జ్ఞాపకమే. వర్షం కురుస్తుంటే అమ్మ గుమ్మంలో కూర్చుని, తనను ఒళ్ళో పెట్టుకుని, వేయించిన పెసలు నోట్లో పెడుతున్నది. తల్లిని గురించి కేతకికి గుర్తున్నది ఆ ఒక్కటే.

"నా జ్ఞాపకం నీకెందుకయ్యా?" అని అడిగింది.

రాక్షసుడు తల వంచుకున్నాడు. "వెయ్యేళ్ళుగా ఇక్కడ కాపలా ఉన్నాను. నాకూ ఒక ఇల్లుండేది. అదెలా ఉండేదో మరిచిపోయాను. ఎవరిదో ఒక ఇల్లు నా మనసులో ఉంటే బాగుండుననిపిస్తుంది."

"లాక్కుంటే నా దగ్గర ఉండదు. నేనే చెబితే ఇద్దరి దగ్గరా ఉంటుంది. విను," అని కేతకి అక్కడే బండమీద చతికిలబడింది. ఆ వాన, ఆ గుమ్మం, అమ్మ చేతి గాజుల చప్పుడు, పెసల కమ్మటి వాసన, అన్నీ చెప్పుకొచ్చింది. చెబుతుంటే తను మరిచిపోయానని అనుకున్నవి కూడా ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. అమ్మ చీర ఆకుపచ్చది. అవును, అంచు పసుపుది!

తుహినాసురుడి కళ్ళ నుంచి నీళ్ళు జలజలా కారాయి. "మా ఇంటి ముందు కూడా వాన పడేది," అన్నాడు నెమ్మదిగా. "మా అమ్మ నన్ను లోపలికి రమ్మని పిలిచేది." అంటూ లేచి పక్కకు తొలిగాడు. మంచు విడిపోయి దారి కనిపించింది.

కొండ మీద యక్షిణి ఎదురైంది. ఆమె చుట్టూ వంద మంచుమంకెన మొక్కలు ఎర్రగా పూసి ఉన్నాయి. "ఒక్కటి తీసుకో," అన్నది యక్షిణి.

కేతకి అన్నిటినీ చూసి, మూలనున్న మూరెడు మొక్క దగ్గర కూర్చున్నది. దానికి ఒక్క పువ్వూ లేదు.

"ఇంత అందమైనవి ఉండగా అదెందుకు?"

"పెద్దవాటి వేళ్ళు తవ్వితే తెగిపోతాయమ్మా. ఇది మట్టిగడ్డతో సహా వస్తుంది."

యక్షిణి ముఖంలో కోపం కొంచెం తగ్గింది. "సున్నం తగిలితే చస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండకు చస్తుంది. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచినా చస్తుంది," అన్నది.

"మరి బతికించేదెలా?"

"రోజూ దాని ముఖం చూడు. అదే చెబుతుంది."

కేతకి మొక్కను గంపలో పెట్టుకుని తిరిగివచ్చేసరికి రాజు మేళతాళాలతో ఎదురువచ్చాడు. రాజోద్యానంలో పాలరాతి తొట్టి సిద్ధం చేయించానన్నాడు.

"క్షమించండి మహారాజా! అక్కడి గోడలకు ఏటా సున్నం వేస్తారు. ఆ మట్టి దీనికి సరిపడదు. మా పెరట్లో నాటుతాను," అన్నది కేతకి.

పెరట్లో నేరేడుచెట్టుకు తూర్పున, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట నాటింది. గుంట లోతుగా తవ్వకుండా, అడవి నుంచి తెచ్చిన ఆకులమన్ను కలిపి, మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచింది. అయినా నెలరోజులకు ఆకులు పసుపుబారాయి. బావినీళ్ళలో సున్నం ఉన్నదని ఆమెకు అప్పుడు తట్టింది. ఆనాటి నుంచి కుండల్లో వాననీళ్ళు పట్టి పోసింది. ఆకులు మళ్ళీ పచ్చబడ్డాయి, మొగ్గలు కూడా వేశాయి.

కాని వానలు వెనకపట్టాక కేతకికి జ్వరం తగిలి వారం రోజులు మంచం దిగలేదు. సింగన్న ఆమె పక్క వదలలేదు. నీళ్ళు పోసేవాళ్ళు లేక మొక్క వాడిపోయింది. చలికాలం రాగానే మొగ్గలన్నీ విచ్చుకోకుండానే రాలిపోయాయి. ఆ ఏడు రాణి చేతులు రాయైపోయాయి, మాట పడిపోయింది.

కేతకి రాణి ఒడిలో తల పెట్టుకుని, "నావల్లే అమ్మా!" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రాతిచేతులు కదలలేదు. రాణి కళ్ళు మాత్రం, తల దువ్వేటప్పుడు చూసినట్టే, ఆప్యాయంగా చూశాయి.

మరుసటి ఏడు కేతకి ఒంటరిగా లేదు. వీధివీధంతా వాననీళ్ళు దాచి తెచ్చారు. ఎండలు ముదిరితే ముసలమ్మలు తడకలు అల్లి నీడ పట్టారు. చలికాలం వచ్చింది. రాయి రాణి మెడ చుట్టూ పాకింది. ఊపిరి బరువెక్కింది. ఒకనాడు సూర్యోదయవేళ కేతకి పెరట్లోకి వెళ్ళి కెవ్వున కేక పెట్టింది. కొనకొమ్మన మొగ్గ ఒకటి విచ్చుకుని ఎర్రగా నవ్వుతున్నది!

రాణిని పల్లకిలో తెచ్చి మొక్క ముందు దించారు. చూస్తుండగానే చెక్కిళ్ళకు రంగు వచ్చింది, వేళ్ళు కదిలాయి, పాదాలు నేల మీద ఆనాయి. ఆమె లేచి, తడబడుతూ నాలుగడుగులు వేసి, పువ్వును రెండు అరచేతుల్లోకి తీసుకున్నది.

"మా అమ్మ చూసి ఉంటే ఎంత బాగుండేది!" అన్నది. ఏడాది తరవాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. కేతకి పరుగున వెళ్ళి ఆమెను కావిలించుకున్నది.

విశాలవర్మ కేతకిని రాజ్యంలోని వనాలన్నిటికీ అధికారిణిని చేశాడు. ఆమె కొమ్మలు అంటుకట్టి ఇంటింటికీ పంచింది. దూరదేశానికి కాపురానికి వెళ్ళే ప్రతి ఆడపిల్ల చేతిలో పుట్టింటి పెరటి మొక్క ఒకటి, వేళ్ళకు మట్టితో సహా, పెట్టి పంపటం మణిసీమలో ఆచారమైంది.

కొన్నేళ్ళకు కేతకికి ఏటి అవతలి దేశపు యువకుడితో పెళ్ళయింది. రాణి హైమవతి తానే మొక్కను ఆమె ఒడిలో పెట్టి, "అక్కడి నీళ్ళు ఎలాంటివో ముందు కనుక్కో తల్లీ," అని కళ్ళు తుడుచుకున్నది. కేతకి అత్తవారింట బండి దిగి, పెట్టె అయినా విప్పకుండా పెరట్లోకి వెళ్ళి, మధ్యాహ్నపు నీడ ఎక్కడ పడుతుందో చూస్తూ చాలాసేపు అలాగే నిలబడిపోయిందట.