ఫోన్‌లో కనపడని ఎర్రగీత

"రైలు సిగ్నళ్ల కొత్త సాఫ్ట్‌వేర్ మూడింటికి బయల్దేరుతోంది. అందులో శత్రువుల కోడ్ దూరింది. ఆపు." పెన్ను మూతలో దాచిన స్పీకర్లోంచి చీఫ్ గొంతు. "తొమ్మిది నిమిషాలే ఉన్నాయి."

ఏజెంట్ గుడ్లగూబ ఏడాదిగా ఈ ఆఫీసులో ప్రోగ్రామర్ వేషం వేస్తున్నాడు. పక్క సీటు ఆమెది. విదేశీ ముఠాలో ఉంటూనే మనకి కబుర్లు అందించే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే ఎవరైనా పాస్‌వర్డ్ మర్చిపోతారు. అతనైతే ఏకంగా ఉద్యోగమే మర్చిపోయాడు.

కాన్ఫిగ్ ఫైలు తెరిచాడు. కోడ్ ఎక్కణ్ణించి తేవాలి, ఎలా పరీక్షించాలి, ఎక్కడికి పంపాలి అన్నది మెషీన్‌కి వరసగా చెప్పే ఫైలది. అందులో తేడా ఉంటే, కంప్యూటర్లో కోడ్ రాసుకునే ఎడిటర్ ఎర్రగీత పెట్టేలా ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం రాసింది వీళ్ళిద్దరే.

నలభై రెండో లైను కింద ఎర్రగా ఉంది. "తెలియని సర్వర్."

రాసింది ఆమె. సరిచూసి ఓకే చేసింది... అతనే!

పొద్దున కాఫీ దగ్గర, ఆమె రాసింది ఓకే చెయ్యమంటూ అతని ఫోన్ మోగింది. "చదివి నొక్కవోయ్, మొద్దబ్బాయ్," అందామె. "నువ్వు రాసింది చదవడమేంటి?" అని నవ్వి నొక్కేశాడు. ఫోన్‌లో ఎడిటర్ లేదు. ఎర్రగీతా లేదు.

క్యాన్సిల్ కొట్టాడు. మెషీన్ ఆలోచించింది. మూడవడానికి రెండు సెకన్లుండగా ఆగింది.

వెనక ఆమె నిలబడి ఉంది.

"ఆ గీత పడకుండా చేసే చిట్కా నీకు నేనే నేర్పాను కదా! ఎందుకు వాడలేదు?" అన్నాడతను.

"నువ్వు చూస్తావని. మా తమ్ముడు వాళ్ళ చేతిలో ఉన్నాడు. పొద్దునే నువ్వు కుదరదని చెప్పి ఉంటే, నా పని నేను చేశాను, సరిచూసేవాడు ఒప్పుకోలేదని చెప్పి వాణ్ణి విడిపించుకునేదాన్ని." ఆమె తన బల్ల మీది కాఫీ కప్పు చేతిలోకి తీసుకుంది. "నన్ను నమ్మి నా కొంప ముంచావు కదోయ్."

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, మైకు కూడా ఉన్న ఆ పెన్ను ఆన్‌లోనే ఉందని.

"అంతా విన్నాం," అన్నాడు చీఫ్. గార్డులు వచ్చేశారు. వెళ్తూ ఆమె తన కాఫీ కప్పు అతని బల్ల మీద పెట్టింది, రోజూ పెట్టినట్టే.

సాయంత్రం రిపోర్టు రాశాడు. ఓకే చేసినవారు: నేను. చదివారా: లేదు. కారణం: ప్రేమ.

ఫారాలని కూడా ఆ ప్లగినే సరిచూస్తుంది. చాలాసేపు ఎదురు చూశాడు. ఒక్క ఎర్రగీతా పడలేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయట.