మళ్ళీ అడక్కు

మాట తప్పిన మనిషి తిరిగొచ్చి మళ్ళీ మాటిస్తే నమ్మాలా? ఈ సందేహం ఆమెను చాలా ఏళ్ళుగా వదలడం లేదు. పొద్దున్నే దేవుడి గదిలో దండం పెట్టుకునేటప్పుడు మరీను. ఎందుకంటే ఆ గదిలో స్విచ్ నొక్కితే లైటు వెలగదు.

ఆమె చదువుకునే రోజుల్లో ఒక కుర్ర ఎలక్ట్రీషియన్ వచ్చి, గోడ తొలిచి, వైరు లాగి, "మిగతాది రేపొచ్చి చేస్తానమ్మా" అని వెళ్ళాడు. మళ్ళీ కనబడలేదు. ఇంకొకరిని పిలుద్దామంటే అమ్మ ఒప్పుకోదు.

"దేవుడి ముందు నిలబడి చెప్పాడే. వస్తాడు."

వచ్చాడు. ఇంటికి కాదు, ఆమె పనిచేసే ఆస్పత్రికి.

మత్తు అలవాటు మాన్పించే ఆస్పత్రి అది. కంప్యూటర్ గది ఆమె బాధ్యత. డాక్టర్ చూశాక రోగులు అక్కడ కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాఠాలు నేర్చుకుంటారు. కోరిక ఎప్పుడు పుడుతుంది, అప్పుడు మనసు ఏ సాకులు చెబుతుంది, వాటిని ఎలా పట్టుకోవాలి, అన్నీ తెర మీదే.

బక్కచిక్కి, కళ్ళు లోతుకుపోయినా అతన్ని ఆమె పోల్చుకుంది. అతను పోల్చుకోలేదు. ఆనాడు పుస్తకం చాటునుంచి చూసిన పిల్ల ఎవరికి గుర్తుంటుంది?

"ఈ పెట్టె నన్ను బాగుచేస్తుందాండీ?"

"పెట్టె నేర్పుతుంది. బాగుపడాల్సింది మీరు."

"ఇందులో మాట్లాడే ఆవిడ మరీ గదమాయిస్తోంది. పాపం, ఆవిడ మొగుడెవరో!"

"ఆ గొంతు నాదే. మొగుడింకా లేడు."

అతను గబగబా హెడ్‌ఫోన్స్ తగిలించుకుని తెరలోకి దూరిపోయాడు.

'వద్దు అనడం' అనే పాఠంలో ఆశపెట్టే గొంతు కూడా ఆమెదే. రికార్డింగ్ నాడు ఇంకెవరూ దొరకలేదు మరి. "ఒక్కసారి రా, ఏం కాదు" అని ఆమె తియ్యగా పిలిస్తే అతను పైకి అనాలి: "వద్దు. మానేశాను. మళ్ళీ అడక్కు." కారణాలు చెప్పకూడదు. చెబితే అవతలివాడు బేరానికి దిగుతాడు.

మొదట్లో నసిగేవాడు. వారాలు గడిచేకొద్దీ గొంతు గట్టిపడింది. పాఠం అయ్యాక కూడా తుడిచిన హెడ్‌ఫోన్సే మళ్ళీ తుడుస్తూ కూర్చునేవాడు. ఆమె సర్దిన కుర్చీలే మళ్ళీ సర్దేది. లైటు సంగతి మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. సిగ్గుపడి రావడం మానేస్తే?

ఆఖరి పాఠం రోజు కుండపోతగా వాన. అతను రాలేదు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. ఎదురుగా, మూసిన దుకాణం రేకు కింద అతను. పక్కన 'జేబు' అనేవాడు. వాడి అసలు పేరు ఎవరికీ తెలీదు, ఏ మత్తుమాత్రలు కావాలన్నా జేబులోంచి తీస్తాడని అందరూ అలాగే పిలుస్తారు. జేబు తన గుప్పిట ముందుకి చాచాడు. అతని చెయ్యి మెల్లగా లేచింది.

'దేవుడా, అమ్మ నమ్మకంగా చెప్పుకునేది నువ్వు వింటున్నావా, లేక అదీ గోడకి చెప్పుకోవడమేనా?'

ఆ చెయ్యి ఇవాళ మాత్ర అందుకుంటే ఇక ఎవరినీ నమ్మలేననుకుంది. గొడుగైతే తీసుకుంది కానీ తెరవడం మరిచిపోయి మెట్లు దిగి పరిగెత్తింది.

వెళ్ళేసరికి జేబు లేడు. అతను షట్టర్‌కేసి తిరిగి నిలబడి ఉన్నాడు. రెండు పిడికిళ్ళూ బిగిసి ఉన్నాయి. ఒళ్ళంతా వణుకుతోంది.

"ఒక్కసారి రండి..." ఆయాసంతో అంది.

"వద్దు! మానేశాను! మళ్ళీ అడక్కు!"

వీధి దద్దరిల్లింది. వెనక్కి తిరిగి, తడిసి ముద్దయి నిలబడ్డ ఆమెను చూసి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో, మీరా! మీ గొంతు వినగానే... పాఠం అనుకున్నాను."

"పిడికిళ్ళు తెరవండి."

తెరిచాడు. అరచేతుల్లో గోళ్ళు గుచ్చుకున్న గుర్తులు తప్ప ఏమీ లేవు.

"చెయ్యి చాచింది వాణ్ణి తోసెయ్యడానికండీ. తోసేశాక ఈ వణుకు పట్టుకుంది. ఇలా మీ ముందుకి రాలేక ఇక్కడే ఆగిపోయాను." ఆమె చేతిలోని తెరవని గొడుగు చూసి అడిగాడు, "ఇంతకీ ఎందుకు పిలిచారు?"

"అడక్కన్నారుగా."

"మీరు అడగొచ్చు."

"మా దేవుడి గదిలో లైటు వెలగదు. వైరు లాగి మీరే వదిలేశారు."

అతను ఆమె ముఖంలోకి అలాగే చూశాడు. మెల్లగా తల దించుకున్నాడు.

"మర్నాడు పొద్దున్నే ఇంకోచోట నిచ్చెన మీంచి పడ్డానండీ. నొప్పికని ఇచ్చిన మాత్రలే చివరికి మెడకి చుట్టుకున్నాయి. మొదట నడవలేక రాలేదు. తర్వాత మొహం చెల్లక రాలేదు. రేపొస్తానన్నాను కదూ?"

"అమ్మ ఇంకా ఆ రేపే అనుకుంటోంది."

ఆఖరి పాఠం పూర్తిచేయించి గాని ఆమె అతన్ని కదలనివ్వలేదు.

మర్నాడు తలుపు తీసిన అమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "వచ్చావా నాయనా? ముందు చెప్పులు విడువు. స్టూలు గదిలోనే ఉంది."

అతను స్టూలెక్కాడు. ఆమె స్టూలు గట్టిగా పట్టుకుంది.

"మళ్ళీ పడిపోతే?" గొంతు తగ్గించి అడిగాడు. స్టూలు సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

"పట్టుకుని ఉన్నానుగా."

"రోజూ పట్టుకోవాల్సి వస్తుందేమో."

"నేను వద్దనలేదే."

స్క్రూడ్రైవర్ జారి కిందపడింది. గుమ్మంలోంచి అమ్మ దగ్గింది. "ఆ ముచ్చట్లేవో తర్వాత నా ఎదురుగా చెప్పుకుందురుగాని. ముందు ఆ పని కానివ్వు బాబూ."

అతను దిగి స్విచ్ వైపు చెయ్యి చాపి, ఆగి, పక్కకి జరిగాడు.

"మీరే వెయ్యండమ్మా."

అమ్మ స్విచ్ నొక్కింది. లైటు వెలిగింది.