మెల్లగా, పిట్టా!

ఆ ఇంట్లో తెల్లారగానే వినిపించే మొదటి మాట "మెల్లగా". కుళాయిల మేస్త్రీ తన కూతురితో అనే మాట అది. మెట్లు దిగితే మెల్లగా, బకెట్ ఎత్తితే మెల్లగా, చివరికి పకపకా నవ్వినా మెల్లగానే. ఆ పిల్ల ముద్దుపేరేమో పిట్ట. ఎగరనివ్వనివాడు ఆ పేరెందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి!

ఆయన భయానికి కారణం లేకపోలేదు. పిట్టకి చిన్నప్పుడు ఎంతకీ తగ్గని జ్వరం వచ్చింది. కళ్లు, పెదాలు ఎర్రబడ్డాయి. వేళ్ల చివర చర్మం ఊడింది. కవాసాకి జబ్బు అన్నారు. గుండెకి రక్తం అందించే నాళం ఒకచోట వాచి ఉబ్బిందన్నారు. కొన్నేళ్లకి ఆ ఉబ్బు తగ్గింది. "అయినా చూపిస్తూ ఉండండి" అన్నాడు అప్పటి డాక్టరు. మేస్త్రీ మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు. మంచి మాటతో ఇంటికొచ్చాం, మళ్లీ వెళ్లి చెడ్డ మాట తెచ్చుకోవడమెందుకని ఆయన లెక్క. ఒకసారి ఉబ్బిన పైపు మీద ఒత్తిడి పడకుండా చూసుకుంటే చాలనుకున్నాడు.

ఆ ఉదయం ఆయన వరండాలో కూర్చుని సిగరెట్ ముట్టించాడు. లోపల భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని స్కూలు యూనిఫాంలకి జేబులు వేస్తోంది. పిట్ట వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, నాకు ఉద్యోగం వచ్చింది. పోస్టాఫీసులో."

"భేష్! కౌంటర్‌లో కూర్చోవడమేగా?"

"కాదు. సైకిల్ మీద తిరిగి ఉత్తరాలు పంచాలి."

"కుదరదు."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలీదా? నా కంఠంలో ప్రాణం ఉండగా నువ్వు సైకిలెక్కడం జరగదు!"

మిషన్ చప్పుడు ఆగింది. "పొద్దున్నే ఏంటండీ ఆ మాటలు!" అంటూ తల్లి బయటికొచ్చింది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

పిట్ట గొంతు పెంచలేదు. "నేను గుండె డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను నాన్నా. అమ్మకి తెలుసు."

మేస్త్రీ భార్యవైపు తిరిగాడు. "ఓహో! ఈ ఇంట్లో నేనొక్కణ్ణే పరాయివాణ్ణన్నమాట."

"చెబితే వెళ్లనిచ్చేవారా?" అందావిడ. "నాకూ భయమే. కానీ ఏముందో తెలీకుండా భయపడి భయపడి అలిసిపోయానండీ."

"స్కాన్ తీశారు. ఇవాళ పరిగెత్తించి చూస్తారట" అంది పిట్ట. "బాగాలేదంటే నేనే ఉద్యోగం వద్దంటాను. నువ్వూ రా. ఇన్నేళ్లూ నా గురించి నీలో నువ్వే భయపడ్డావు. ఇవాళ అందరం కలిసి భయపడదాం."

ఆయన సిగరెట్ ఆర్పేశాడు. లేచి చొక్కా వేసుకున్నాడు.

ఆసుపత్రిలో పిట్టకి తీగలు అంటించి, కదిలే పట్టా మీద నిలబెట్టారు. మేస్త్రీ కూతురి చెప్పులు చేత్తో పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. కింద పెట్టమని భార్య చెప్పినా వినిపించుకునే స్థితిలో లేడు పాపం. పట్టా మొదట నడిపించింది, తర్వాత వేగం పెరిగింది. పిట్ట పరుగందుకుంది. జడ వీపు మీద ఎగిరెగిరి పడుతోంది. ముఖమంతా చెమట. "మెల్లగా" అన్న మాట ఆయన గొంతుదాకా వచ్చింది. తీరా చూస్తే పిట్ట నవ్వుతోంది! ఆ జ్వరం వచ్చాక తన కూతురు పరిగెత్తడం ఆయన చూడటం అదే మొదలు. చెప్పులు గుండెకి హత్తుకుని చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.

"పరీక్ష బాగా వచ్చింది. నిక్షేపంగా సైకిల్ తొక్కొచ్చు" అంది డాక్టరమ్మ.

"అంటే పూర్తిగా తగ్గిపోయినట్టేనా?"

"అలా అనలేను. నాళం సైజు సర్దుకుంది గానీ, వాచిన చోట గోడ కాస్త మందంగా, బిరుసుగా మిగిలింది. అందుకే జీవితాంతం చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. బీపీ, కొలెస్ట్రాల్ పెరగనివ్వకూడదు. ఒళ్లు కదలాలి."

"మరి పైపు మీద ఒత్తిడి..."

"ఇది ఇనప పైపు కాదండీ, ప్రాణమున్నది. కదిలితేనే దానికి మంచిది. ఇంతకీ, ఇంట్లో సిగరెట్ ఎవరైనా తాగుతారా?"

మేస్త్రీ చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. తల్లి చీరకొంగు సర్దుకుంది. పిట్ట నేలచూపులు చూసింది.

"పక్కవాళ్లు వదిలే పొగ కూడా ఈ నాళాలకి చెడ్డదే" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక మేస్త్రీ ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. "ఎంత పిచ్చివాణ్ణి తల్లీ! పరిగెత్తొద్దని నిన్ను కట్టేశాను. ఆ పొగ మాత్రం నేనే నీ ముఖాన ఊదాను."

పిట్ట ఆయన పక్కనే కూర్చుంది. "ఆ జ్వరంలో నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రిదాకా పరిగెత్తింది ఎవరు నాన్నా? అమ్మ చెప్పిందిలే."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. జేబులోని సిగరెట్ పెట్టె తీసి చెత్తడబ్బాలో పడేశాడు. "చూద్దాం, ఎన్నాళ్లో ఈ వైరాగ్యం!" అంది భార్య, ముక్కు ఎగబీలుస్తూ.

"నువ్వే చూస్తావుగా. వచ్చేసారి పరీక్షకి కూడా నేనే తీసుకొస్తా" అన్నాడు మేస్త్రీ.

అంతలో వీధి చివర బస్సు కదలబోతోంది. పిట్ట చటుక్కున లేచి పరుగు తీసింది. మేస్త్రీ అలవాటుగా నోరు తెరిచాడు. కానీ ఆ మాట రాలేదు.

"ఆపమను తల్లీ! మేమూ వస్తున్నాం!" అని అరుస్తూ, భార్య చెయ్యి పట్టుకుని తనూ పరుగందుకున్నాడు. నాలుగు అంగలకే ఆయాసం ముంచుకొచ్చింది.

పిట్ట బస్సు మెట్టు మీద నిలబడి వెనక్కి చూసింది. నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో కేకేసింది.

"మెల్లగా నాన్నా, మెల్లగా!"