పద్నాలుగు మంది పిల్లల తల్లి

"ఈ పిల్లోళ్ళంతా ఎవరమ్మా?"

గుమ్మంలో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ మనిషి అడిగాడు. ఎస్తేరు తల కూడా తిప్పలేదు.

"నా పిల్లలే."

అతను లోపలికి తొంగి చూశాడు. ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన షెడ్డు అది. ఇప్పుడు చాప మీద ఆరుగురు పడుకుని ఉన్నారు. నలుగురు ఒకే గిన్నె కోసం కొట్టుకుంటున్నారు. ముగ్గురు గోడకు బొగ్గుతో బొమ్మలు గీస్తున్నారు. చీర ఉయ్యాలలో ఒక పాప వేలు చప్పరిస్తోంది.

"పద్నాలుగు మందా?"

"ఏం, ఎక్కువయినారా?"

"అందరూ అయిదేళ్ళ లోపే ఉన్నట్టుండారే."

"మా ఇంట్లో కవలలెక్కువ."

"తండ్రి యాడుండాడు?"

"ఊర్లమ్మట సర్వేకు పోయినాడు. ఇంతవరకు తిరిగి రాలేదు."

అతను పెదవి కొరుక్కుని ట్యాబ్‌లోకి తల వంచాడు. నవ్వు ఆపుకుంటున్నాడని ఎస్తేరు కనిపెట్టేసింది. నవ్వే సర్వేవాడంటే ఆమెకు మరీ అనుమానం. పోయినేడు వచ్చినవాడూ ఇలాగే నవ్వుతూ ఇంట్లో ఎవరెవరున్నారు, ఫ్యానుందా, ఫ్రిజ్జుందా అని అడిగి, ఇచ్చిన టీ తాగి పోయాడు. రెండు నెలలు తిరక్కుండా ఊళ్ళో తొమ్మిది రేషన్ కార్డులు ఎగిరిపోయాయి. అందులో ఒకటి ఆమెను పెంచిన అవ్వ పెద్దక్కది.

అప్పటి నుంచి బెళుగుప్ప పక్కనున్న ఆ పల్లెలో ఎవరేమడిగినా లేదనే జవాబు. అసలు ఆ ఊళ్ళో మబ్బు పట్టినా ఎవరూ తీగ మీద చీరలు తీయరు. మబ్బునే నమ్మనివాళ్ళు ట్యాబ్‌ను నమ్ముతారా?

"నా పేరు విజయభాస్కర్. గుంతకల్లు నుంచి వచ్చినా," అన్నాడతను. "కూలికి పోయే తల్లుల పిల్లల కోసం కేంద్రం పెడతారంట. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా చూసుకుంటారు. మండలంలో రెండూళ్ళకే. ఆరేళ్ళ లోపు పిల్లోళ్ళు యాడ ఎక్కువుంటే ఆడ. శనివారం సాయంత్రం లిస్టు మూసేస్తారు."

"పెడతారంట!" ఎస్తేరు చివరి అక్షరాలను ఒత్తి పలికింది. "ఎన్ని చూడలేదు ఇట్లాంటివి."

"ఊరంతా తిరిగినా. ముప్పై ఇండ్లు. ఒక్క ఇంట్లో కూడా చిన్నపిల్లోళ్ళు లేరంటాండారు. ఈడికొస్తే అందరూ నా పిల్లలే అంటాండారు మీరు."

"రాసుకో మరి."

"రాసుకుంటే చెల్లదు. తల్లి నోటితో చెప్పాల, తల్లి ఫోటో తియ్యాల."

"ఫోటో కూడానా!" ఎస్తేరు లేచి నిలబడింది. "పో సారూ, పో. పిల్లోళ్ళు నిద్రపోతాండారు."

అతను ట్యాబ్ మూసి బయలుదేరాడు. వాకిలి దాటేముందు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు ఏ కాలమ్‌లోకి వస్తుందో ఎస్తేరుకు అంతుపట్టలేదు.

నిజం చెప్పాలంటే అలాంటి కేంద్రం ఎంత అవసరమో ఊళ్ళో అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. అంగన్‌వాడీ తొమ్మిదికి తెరుస్తారు. కూలి ఆటో ఆరుకే బయలుదేరుతుంది. మధ్యలో మూడు గంటలు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో ఎవరూ ఆలోచించలేదు. ఏడాది కిందట కల్పన తన పాపను చేని గట్టు మీద పడుకోబెట్టి కలుపు తీస్తుంటే తేలు కుట్టింది. పాప బతికి బయటపడింది. కానీ కల్పన ఏడుపు విన్నాక ఎస్తేరుకు ఇంట్లో కాలు నిలవలేదు. డిగ్రీ పుస్తకాలు అటక మీద పడేసి, షెడ్డు సొంతదారు పుల్లన్నను బతిమాలి దీన్ని తెరిచింది.

ఇప్పుడు పుల్లన్న నెలాఖరుకు ఖాళీ చేయమంటున్నాడు. ఎరువుల దుకాణం వాళ్ళు గోడౌనుకు అడిగారట. ఖాళీ చేస్తే పద్నాలుగు మందీ మళ్ళీ గట్టు మీదికే.

అలాగని నవ్వే సర్వేవాడిని నమ్మాలా?

బుధవారం అతను మళ్ళీ వచ్చాడు.

"సర్వే ఒక్కసారే కదప్పా చేస్తారు. మళ్ళీ ఏంటికొచ్చినావు?"

"పిల్లోళ్ళ నాయన తిరిగొచ్చినాడేమో కనుక్కుందామని."

ఎస్తేరు నవ్వును గుటుక్కున మింగేసి గిన్నెలు తోముతూ కూర్చుంది. ఆ గిన్నెలు అంతకుముందే తోమినవి.

గురువారం కూడా వచ్చాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కొళాయి దగ్గర రెండు పార్టీలయ్యారు. మిగిలిన కార్డులు కొట్టేయడానికి తిరుగుతున్నాడని ఒక పార్టీ, ఎస్తేరు కోసం తిరుగుతున్నాడని ఇంకో పార్టీ. రెండో పార్టీ గెలిస్తే బాగుండునని ఎస్తేరుకు అనిపించింది. అనిపించినందుకు తనను తానే తిట్టుకుంది.

శుక్రవారం వచ్చినవాడు బయట నిలబడి షెడ్డుకు ఫోటో తీస్తున్నాడు. అంతే, ఎస్తేరు ఒక్క ఉదుటున వెళ్ళి ట్యాబ్ లాక్కుంది.

"దొంగమాదిరి ఏం తీస్తాండావు? ఇట్టియ్యి!"

తెరంతా ఊళ్ళ పేర్లు. అన్నిటి పక్కనా 'పంపడమైనది' అని పచ్చగా ఉంది. వాళ్ళ ఊరి పక్కన మాత్రం సున్నా ఉంది, పచ్చరంగు లేదు.

"మా ఊరిది ఏంటికి పంపలేదు?"

"పంపితే సున్నా అనే పోతాది. ఇంక ఈ ఊరి పేరు ఎవరూ ఎత్తరు. పద్నాలుగు మందిని కండ్లతో చూసి సున్నా ఎట్ల పంపేది? మా సూపర్‌వైజర్ రోజూ ఫోన్ చేసి తిడతాండాడు. ఫోటో అన్నా చూపిద్దామని తీస్తాండా."

"నీదేం పోయింది? నీ ఊరా, నీ పిల్లలా?"

ఎస్తేరుకు అనుమానం ఇంకా తీరలేదు. ట్యాబ్‌లో ప్రశ్నలు కనబడితే, కాళ్ళు చాపుకుని గడప మీద కూర్చుంది.

"ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. తల్లి పనికి వెళ్ళినప్పుడు బిడ్డ ఎక్కడ ఉంటుంది?"

"మంచం కాడ."

ఎస్తేరు తలెత్తింది.

"మా యమ్మ ఇండ్లల్లో పనికి పోయేది. చూసుకునేదానికి ఎవరూ లేరు. పాత చీర చించి నా కాలు మంచం కోడుకు కట్టి, బయట గొళ్ళెం పెట్టి పోయేది. తిరిగొస్తానే ముందు నా కాలే చూసేది, కమిలిందేమోనని. ఎవరికన్నా చెప్తే ఇప్పటికీ తల వంచుకుంటాది."

అబద్ధాల సంగతి ఎస్తేరుకు బాగా తెలుసు, ఆ వారంలో తనే పద్నాలుగు ఆడింది. కన్నతల్లి గురించి ఇలాంటి అబద్ధం ఎవరూ ఆడరు. పక్కన ఆడుకుంటున్న పిల్లవాడి ముక్కు ఊరికే తుడిచింది.

"కార్డులు పోవని రాసిస్తావా?"

"రాసియ్యను. అది నా చేతుల్లో లేదు. దీంట్లో కార్డు నెంబరు అడిగే కాలమ్ లేదు, చూసుకో. నాకు తెలిసింది అంతే."

ఎస్తేరు మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు వెతికింది. లేదు.

శనివారం సాయంత్రం అయిదింటికి కూలి ఆటో తిరిగొచ్చింది. సన్నగా జల్లు మొదలైంది. పిల్లల కోసం వచ్చిన తల్లులను ఎస్తేరు షెడ్డు ముందే, విజయభాస్కర్ ఎదుట ఆపేసింది.

"ముందు నాది రాసుకో సారూ. పెండ్లి కాలేదు, పిల్లోళ్ళు లేరు."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. ఎస్తేరు నవ్వలేదు.

"మీరు లేరన్నారు, నేను నా పిల్లలన్నా. ఇద్దరమూ అబద్ధమే చెప్పినాము. కార్డు పోయిన ఇల్లు మాది కూడా. నాకూ భయమే ఉండాది. కానీ నెలాఖరుకు ఈ షెడ్డు పోతాది. మళ్ళీ గట్టు మీద పండుకోబెడతారా?"

ఎవరూ కదల్లేదు. చివరికి కల్పన కొంగుతో ముఖం తుడుచుకుని ముందుకొచ్చింది.

"రాసుకోప్పా. నా పాప పేరు చాందిని. రెండేండ్లు."

ఆమె వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. ఇళ్ళల్లో దాచిన పిల్లలు కూడా బయటికొచ్చారు. ఫోటోలతో సహా ఇరవయ్యారు పేర్లయ్యాయి. ఆరుకు అయిదు నిమిషాలుండగా విజయభాస్కర్ బటన్ నొక్కాడు. ఊరి పేరు పక్కన పచ్చగా పడింది.

తల్లులు వెళ్ళిపోయాక షెడ్డు ముందు ఇద్దరే మిగిలారు. ఎదురింటి అరుగు మీద పెద్దక్క చూడనట్టు నటిస్తూ చూస్తోంది.

"ఇంతకీ వస్తాదా కేంద్రం?" అడిగింది ఎస్తేరు.

"తెలీదు. లిస్టయితే పోయింది."

తెలీదని ఒప్పుకున్న సర్వే మనిషిని ఆమె చూడటం ఇదే మొదలు.

"అయితే ఇంక ఈ ఊర్లో నీకు పని లేదు."

"లేదు. అందుకే ఇప్పుడు చెప్తాండా. నువ్వంటే నాకిష్టం ఎస్తేరూ. మొదటిరోజు నుంచే."

ఎస్తేరు అనుమానం అలవాటు కొద్దీ ముందు నోరు తెరిచింది.

"మొదటిరోజు నుంచి అయితే ఇన్నాళ్ళు ఏంటికి ఆగినావు?"

"ముందే చెప్పింటే, పేర్ల కోసం చెప్తాండాననుకునేదానివి."

అనుకునేదే. కచ్చితంగా అనుకుని, ట్యాబ్‌తో సహా తరిమేసేది. అది తెలిసే ఈ మనిషి బటన్ నొక్కేదాకా నోరు కట్టేసుకుని కూర్చున్నాడు. ఇంకేమన్నా అనుమానించడానికి దొరుకుతుందేమోనని అతని ముఖమంతా వెతికింది. జుట్టులోంచి కారుతున్న వాననీళ్ళు తప్ప ఏమీ దొరకలేదు.

"ఏమే, ఆ పిల్లోన్ని తడిపి చంపుతావా?" అరుగు మీద నుంచి పెద్దక్క అరిచింది. "ఇష్టముంటే లోపలికి పిలువు, లేకుంటే పంపించు. ఏదో ఒకటి చెయ్యి!"

"నాకూ ఇష్టమే," అంది ఎస్తేరు, అవ్వకు కూడా వినబడేలా. తర్వాత గొంతు తగ్గించింది. "రేపు చర్చి నుంచి పదికంతా వస్తా. మీ యమ్మను పిల్చుకొని రా."

"ఆమె ఈడికి రాదేమో. కొత్తోళ్ళ ముందర తల ఎత్తదు."

"అందుకే రమ్మంటాండా," అంది ఎస్తేరు. "ఈ ఊర్లో తల్లులందరూ ఆమె మాదిరోళ్ళే అని చెప్పు."