తట్టి చూసినాక

"దిగప్పా. ఆ బండ పగిలిండాది."

ఇటుకల మీద పరిచిన నాపబండ పైన, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని దర్జాగా కూర్చున్న కుర్రవాడు తలెత్తి చూశాడు. ఎదురుగా చేతిలో చిన్న సుత్తితో ఒకమ్మాయి, మధులత.

"యాడ పగిలిండాది? అద్దం లెక్క ఉంటే."

"నీకు కనపడదులే. దిగు."

"కనపడని పగులు ఉన్నట్టా, లేనట్టా?" అని నవ్వి, కావాలనే ఇంకాస్త వెనక్కి జరిగాడు.

బండ సరిగ్గా మధ్యకు రెండైంది. కుర్రవాడు కింద, లాప్‌టాప్ పైన. మధులత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

కమలాపురం దాటినాక రోడ్డు పక్కనుండే ఆ పాలిష్ ఫ్యాక్టరీలో బండల మంచిచెడ్డలు తేల్చేది ఇద్దరే. ముప్పై ఏళ్ళుగా పుల్లన్న, తొమ్మిదేళ్ళుగా ఆయన కూతురు మధులత. సుత్తితో తట్టి, చెవి ఒగ్గి వింటారు. మంచి బండ ఖంగుమంటుంది. పగులున్నది బొదబొదమంటుంది. అంతే వాళ్ళ విద్య.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఓనరు నారాయణ వచ్చి ఆ కుర్రవాణ్ణి లేపి, దుమ్ము దులిపాడు.

"ఈయన ఉమామహేశ్వర, మన డోన్ ఊరాయనే. ఏఐ కెమెరా పెడతాండాడు. బండను ఫోటో తీసి మంచిదో చెడ్డదో అదే చెప్తాది. మూడు వారాల తర్వాత సోమవారం పరీక్ష. అది గెలిస్తే మీ ఇద్దరికీ ఇంక ఈడ పనుండదు పుల్లన్నా, ఏమనుకోవద్దు."

పుల్లన్న ఇంకో బండ తట్టడానికి వంగాడు. మధులత మాత్రం ఉమామహేశ్వరను పైనుంచి కిందికి చూసింది. ఈ ఉంగరాల జుట్టు పెద్దమనిషా మా పనికి ఎసరు పెట్టేది అనుకుంది. ఆ జుట్టు బాగుండడం ఆమెకు మరింత కోపం తెప్పించింది.

ఆ రోజు నుంచి యుద్ధమే.

"మధులతా, ఈ బండ ఎట్లుండాది?"

"మీ కెమెరాకు కండ్లు పెద్దవి గదా సార్, దాన్నే అడగండి."

"దానికి కండ్లుండాయి, చెవులు ల్యావు."

"నాకు చెవులుండాయి, తీరిక ల్యా."

పుల్లన్న దారి వేరు. కుర్రవాణ్ణి పిలిచి, బండకు రెండో పక్క పట్టుకోమనేవాడు. యార్డు నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి యార్డుకు, ఎర్రటి ఎండలో. మధ్యాహ్నం తన గిన్నెలోంచే సంగటి పెట్టేవాడు. రెండో వారానికి ఉమామహేశ్వర అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్కసారీ సణగలేదు. ఆ బొబ్బలు చూశాక అతని మీద కోపం నిలుపుకోవడం మధులతకు పెద్ద పనైపోయింది.

పరీక్షకు రెండు రోజుల ముందు, శనివారం, ఎన్నడూ లేనట్టు వాన కొట్టింది. ఇద్దరూ రేకుల షెడ్డు కిందికి పరిగెత్తారు. మధ్యలో రెండు మూరల దూరం. వాన జల్లు ఆ దూరాన్ని ఒక మూర చేసింది.

అరగంటలో ఎండ కాసింది. యార్డులో బండలు ఆరి బూడిదరంగుకు తిరుగుతున్నాయి. నాలుగు బండల మీద మాత్రం వెంట్రుకంత నల్లటి గీత తడిగా మిగిలింది. ఉమామహేశ్వర ఆ గీతల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పగులు నీళ్ళు తాగుతాది. అందుకే ఆఖర్న ఆరుతాది. ఇదేనా మీ గుట్టు?"

తట్టినప్పుడు అనుమానం మిగిలితే తండ్రీకూతుళ్ళు చేసే పని అదే. నీళ్ళు పోసి, ఆరేదాకా చూడడం. కెమెరా ముందున్న బ్లోయరు బండను పూర్తిగా ఆరబెట్టాకే ఫోటో తీస్తుంది కాబట్టి దానికి ఇది దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

"ఎత్తుకుపో అప్పా. మా నాయన సంగటి గిన్నె కూడా ఎత్తుకుపో."

అతని ముఖం వాడిపోయింది. "మీరు చెప్పేదాకా మెషీన్ ముట్టను మధులతా. ఇది నా సొత్తు కాదు."

ఆదివారమంతా ఆమె ఆ మాట నమ్మలేదు. నమ్మాలని ఉన్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

సోమవారం వంద బండలు పరిచారు. కెమెరా ఆరు చెడ్డవంది. తండ్రీకూతుళ్ళు పదకొండన్నారు. అందులోనూ రెండే కలిశాయి. తేడా వచ్చినవి పదమూడు.

"ఇటుకల మీద పెట్టి మనిషిని నిలబెడదాం. లోడింగ్ సోమన్నను పిలవండి" అన్నాడు నారాయణ.

"సోమన్న ఎందుకు సార్? ఈయనకు అలవాటే గదా" అంది మధులత.

ఉమామహేశ్వర చెప్పులు విడిచాడు. కెమెరా మంచివన్న తొమ్మిదింటి మీదా ఎక్కాడు, తొమ్మిది సార్లూ కింద పడ్డాడు. రాతిలోని తెల్ల చారను పగులనుకుని కెమెరా చెడ్డవన్న నాలుగింటి మీద ఎక్కి ఎగిరినా అవి కదల్లేదు. ఫ్యాక్టరీ అంతా ఈలలు వేసింది. గీతల గుట్టు అతను మెషీన్‌కు చెప్పలేదని మధులతకు అప్పుడు తెలిసింది. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏమప్పా, నీ మెషీన్ ఇట్ల చేసె?" అన్నాడు నారాయణ.

"తప్పు నాది సార్. పాఠం చెప్పేవాళ్ళను పక్కనపెట్టి దాన్ని నేర్చుకోమన్నా. వీళ్ళు నేర్పుతామంటేనే పెడతా. ల్యాకుంటే విప్పుకొని డోన్ పోతా."

అందరూ మధులత వైపు చూశారు.

"నేర్పుతాం సార్. కానీ ఆఖరి మాట మాదే. కెమెరా ఊ అన్నా, మేం ఊహూ అంటే ఆ బండ లారీ ఎక్కగూడదు. మా పనికి ఢోకా లేదని కాగితం మీద రాయండి."

నారాయణ పగిలిన తొమ్మిది బండల వైపు చూసి, పెన్ను అడిగాడు.

సాయంత్రం ఉమామహేశ్వర కుంటుకుంటూ వచ్చాడు. "ఒక మాట చెప్పాల."

మధులత పక్కనున్న బండను సుత్తితో తట్టింది. ఖంగుమంది. "కూర్చో. ఇది పడెయ్యదు."

"నువ్వంటే నాకు శానా ఇష్టం. మొదటి రోజు కింద పడ్డప్పట్నుంచే."

"ఆ పొద్దు తలకు దెబ్బ తగిలిందేమో చూపించుకోల్యా?"

"చూపించుకున్నా. ఇది తగ్గదన్నారు."

ఆమె నవ్వి, వచ్చి పక్కన కూర్చుంది. మూర దూరం కూడా మిగల్లేదు. "నాకూ ఇష్టమే. మా నాయనతో నేను చెప్తాలే."

వెనక కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న పుల్లన్న తల తిప్పకుండానే అన్నాడు.

"చెప్పేదేముంది పాపా. మూడు వారాలు ఎండలో నిలబెట్టి, బరువు మోయించి, బాగా తట్టి చూసినా. పగులు ల్యా."