రాతికి పోసిన సారాయి

మా ఆయన గోవిందస్వామి సారాయి వాసన తగిలితే కాండ్రించి ఉమ్మే మనిషి. అలాంటి మనిషిని, సారాయి కొట్లు మళ్ళీ తెరిచిన ఏడాదే, తప్పతాగిన లారీ డ్రైవరొకడు మా ఇంటి ముందు మలుపులో తొక్కేశాడు. సారాయిని ఎవరూ ఒక్క మాట అనలేదు. మలుపులో దెయ్యముందన్నారు. ఆయన పేరున అక్కడొక రాయి నాటారు. ఇక తిరుత్తణి పోయే ప్రతి డ్రైవరూ అక్కడ ఆగడం, రాతి మీద కాస్త సారాయి పోయడం, మిగిలింది ప్రసాదమని తాగి బండెక్కడం. సిగ్గులేని భక్తి!

తిరుత్తణి కొండమీద ఆడి కృత్తిక తిరునాళ్ళకు నా తమ్ముడు వేలాయుధం లారీ తెచ్చాడు. మా అమృతవల్లి తలనీలాల మొక్కుంది. బిడ్డను లారీలో ముందు కూర్చోబెట్టి, పూలబుట్ట కోసం ఇంట్లోకి పోయాను. పొద్దు వాలుతోంది. చెరుకు తోటలో ఆకు కదలడం లేదు. బయటికొచ్చేసరికి వాడు రాతి మీద సీసా వంచుతున్నాడు.

"రేయ్, బండిలో బిడ్డ ఉండాదిరా!"

"ఒక్క గుక్కే అక్కా. బతికినప్పుడు తాగని బావ ఇప్పుడన్నా రుచి చూడనీ."

"నీ రుచి మండిపోను!"

అప్పుడు వినిపించింది... రాతి వెనక ఎవరో కాండ్రించి ఉమ్మారు.

వేలాయుధం నవ్వు ఆగింది. లారీలోంచి అమృత గుసగుసగా పిలిచింది.

"అమ్మా... నాయన దిగమంటాండాడు."

"యాడ?"

"మామ సీట్లో."

సీటు ఖాళీ. కానీ... మనిషి కూర్చున్నట్టు లోపలికి అణిగి ఉంది.

బిడ్డను కిందికి లాక్కున్నాను. "వేలూ, ఎక్కొద్దురా..." జన్మలో మొదటిసారి వాణ్ణి బతిమాలాను. వాడు మిగిలింది గొంతులో పోసుకుని ఎక్కాడు. తాగినోడికి భయం కూడా ఆలస్యంగానే ఎక్కుతుంది.

లారీ కదిలింది. మలుపు దాటలేదు. పెద్ద మోత... తర్వాత హారన్. ఆగకుండా...

జనం చేరారు. "దెయ్యం లాగేసింది, వీడికీ ఒక రాయి నాటాల" అన్నారు, వాడి నెత్తురు ఆరకముందే. "లాగింది సారాయిరా, గుడ్డి నాయాళ్ళారా!" అని అరిచాను. ఎవడు వింటాడు?

అమృత మాత్రం పిడికిలి విప్పడం లేదు. బలవంతాన విప్పాను. లోపల వేలాయుధం లారీ తాళంచెవి.

"మామ తాగినాడని నాయన పీకేసినాడు. నన్ను దాచిపెట్టుకోమన్నాడు."

మరి ఆ లారీ ఎట్లా కదిలింది?

తాళంచెవిని గూట్లో పెట్టాను. ఇప్పుడు మలుపులో రెండు రాళ్ళు. లారీలు ఆగుతూనే ఉన్నాయి. అక్కడ సీసా వంగిన ప్రతిసారీ, ఇక్కడ గూట్లో ఆ తాళంచెవి తడుస్తుంది.